ఏడక్షరాల సాంచె

మా పెద్దబాపు దగ్గర ఇంగ్లీషు అక్షరాలు ఏడే మిగిలాయి. ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ. వాటిని చదవడం ఆయనకు రాదు. నేయడం వచ్చు.

హైదరాబాద్‌లో నా ఉద్యోగం పోయిన వారంలో నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. పోయిందంటే నేనే పోగొట్టుకున్నాను. ఫోన్లో కస్టమర్లకు జవాబులు చెప్పే పని. ఒకాయన తిట్టాడు, నేను తిరిగి తిట్టాను, అది రికార్డయింది. ఇంటికొస్తే బాపు అన్నాడు, "నీ నోటికి ఏ కొలువూ నెల దాటి నిలువది." ఆయన మీదా అరిచాను. ఆ కోపంలోనే బ్యాగు సర్దుకుని రైలెక్కి పెద్దపల్లిలో దిగాను. అక్కడి నుంచి బస్సు. చొప్పదండి దాటాక కొద్ది దూరంలో మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఉండే ఊరు.

ఆ ఊళ్ళో మరమగ్గాన్ని సాంచె అంటారు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే ఆ వీధిలో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు, అన్ని సాంచెలు ఆడేవి. ఈసారి బస్సు దిగేసరికి వీధి నిశ్శబ్దంగా ఉంది. పెద్దబాపు గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. లోపల ఆయన సాంచె మీద పాత చీర కప్పి ఉంది.

"ఏమే బిడ్డా, గిట్లొచ్చినవ్. మీ బాపు కొట్టిండా?"

"కొట్టలే. నేనే ఆయన మీద ఒర్రిన."

"మంచిపని చేసినవ్," అంది ఆయన భార్య, మా పెద్దవ్వ, లోపలి నుంచి. "మీ వంశంల ఆడిపోరి ఒక్కతన్న ఒర్రాలె." పెద్దవ్వ పుట్టిల్లు ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర అంచున. ఇన్నేళ్ళయినా నన్ను బాయీ అనే పిలుస్తుంది.

అన్నం తింటుంటే విషయం బయటపడింది. ఆదివారం పాత ఇనుము కొనే సేటు బండి వేసుకుని వస్తాడు. సాంచెను కోసి తీసుకుపోతాడు. ఆ తర్వాత పెద్దబాపు కరీంనగర్‌లో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా వెళ్తాడు. మాట కూడా అయిపోయింది. ఈ మాటలు చెబుతున్నంతసేపూ పెద్దబాపు పప్పులో ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. యాభై ఏళ్ళుగా నేసిన మనిషి. కుర్చీ వేసుకుని గేటు దగ్గర కూర్చోవడం నాకు ఊహకే అందలేదు.

"ఎందుకమ్ముతున్నవ్?"

"పనేది? మన సాంచె చేసే పని ఎవ్వలకు గావాలె?"

ఆయన సాంచె చేసే పని ఏమిటో మర్నాడు చూశాను. అది పేర్లు నేసే సాంచె. పైన జాకార్డ్ ఉంటుంది, దానికి అట్టల దండ వేలాడుతుంది. ఒక్కో అట్టకు వరసగా చిల్లులు. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. పదహారు అట్టల కట్ట ఒక అక్షరం. కట్టలను వరసగా దారంతో కుట్టి దండ చేస్తే, ఆ దండ తిరుగుతున్నకొద్దీ తువ్వాల అంచు వెంట అక్షరాలు ఒకదాని వెనుక ఒకటి దిగుతాయి. ఒకప్పుడు లాడ్జీలకూ, బ్యాంకు క్యాంటీన్లకూ, పెళ్ళిళ్ళకూ ఇలాగే పేర్లు నేసి ఇచ్చాడు. అప్పుడు ఇరవయ్యారు కట్టలూ ఉండేవి. రెండు వానాకాలాలు రేకుల సందుల్లోంచి నీళ్ళు కారి, మిగతావి చెమ్మకు ఉబ్బి, ఎలుకలు కొరికి పోయాయి. అట్టలకు చిల్లులు కొట్టే ఆయన చనిపోయాడు, ఆయన మిషన్ కూడా ఇనుముకే పోయింది. ఏడు కట్టలు మాత్రం డబ్బాలో ఉండబట్టి బతికాయి.

"ఏడక్షరాలతోని ఏం పేరొస్తదే?" అన్నాడు పెద్దబాపు. "అండ్ల ఒక్కోటి ఒక్కటే ఉన్నది. ఒక్క పేర్ల రెండుసార్లు రావద్దు."

నా చేతిలో ఫోనుంది. ఏడక్షరాలూ కొట్టాను. వాటితో కుదిరే మాటలు చూపించే సైట్లు బోలెడు. తెర మీద మాటలు జరజరా దిగాయి. రెయిన్, స్టార్, టీ, రెస్ట్, ఆర్ట్, ట్రెయిన్, ఈస్ట్, నెస్ట్. వేలితో తోస్తుంటే అయిపోవడం లేదు. ఏడూ వాడేసే మాటలు కూడా వచ్చాయి. పనికిరానివీ, నేనెప్పుడూ విననివీ ఎన్నో.

"గివన్ని మన దగ్గరున్నయా?" అన్నాడు ఆయన తెర మీదికి వంగి. కుడికన్నుకు మసక, ఫోన్ను ముక్కు దాకా తెచ్చుకున్నాడు.

"అన్ని ఉన్నయ్ పెద్దబాపు. గా డబ్బాలనే."

ఫోను నా చేతికిచ్చి, డబ్బా మూత తీసి చూశాడు. తర్వాత అన్నాడు, "ఒక్క ఆర్డర్ తే బిడ్డా. ఒక్కటి. ఆదివారం బండి రావద్దని సేటుకు నేనే చెప్త."

అంతే. అంతకుముందు వరకు ఎవరికీ ఏమీ చేసిపెట్టని నాకు అది తలకెక్కింది.

బుధవారం, గురువారం కరీంనగర్‌లో తిరిగాను. బస్టాండు నుంచి గడియార స్తంభం దాకా, మళ్ళీ వెనక్కి. తల పైకెత్తి బోర్డులు చదువుకుంటూ నడవడం తప్ప వేరే పని లేదు. ఒక్కో బోర్డు చూసి మనసులో అక్షరాలు కొట్టేయడం. టెంట్‌హౌస్‌లు చాలా ఉన్నాయి, తువ్వాళ్ళూ గుడ్డలూ ఎక్కువ కొనేది వాళ్ళే. కానీ టెంట్‌లో టీ రెండుసార్లు. చీరల దుకాణాలన్నిటి మీదా శారీస్ అని ఉంది, అందులో ఈ అక్షరం రెండుసార్లు. బేకరీకి కే లేదు, హోటల్‌కు హెచ్ లేదు, మెస్సుకు ఎమ్ లేదు. నడి ఎండలో నిలబడి బోర్డు రాసినవాణ్ణి తిట్టుకున్నాను.

టీ అని మూడక్షరాలు రాసుకున్న బండి దగ్గర ఆగాను. చాయ్ మాస్టర్ అంతా విని, గ్లాసు నా ముందు పెట్టాడు.

"పేరున్న తువ్వాల నాకెందుకమ్మ? నేను తుడిచేది బల్ల. బల్ల సదువుతదా?"

స్టార్ అని బోర్డున్న చికెన్ సెంటర్‌లో ఇంకా ఘోరం. "కోళ్ళకు ఇంగ్లీషు నేర్పుతున్నవా?" అని అతను, పక్కనున్న ఇద్దరూ నవ్వారు. నాకు కోపం ఆగలేదు. "నీ కత్తికి తుప్పుంది, ముందు అది సూస్కో," అన్నాను. దాంతో పక్క రెండు దుకాణాల వాళ్ళు కూడా నన్ను లోపలికి రానివ్వలేదు.

గురువారం సాయంత్రానికి కాళ్ళు బొబ్బలెక్కాయి. ఫోను బ్యాటరీ ఎర్ర గీతకొచ్చింది. ఒక సందులో మెట్ల మీద కూలబడ్డాను. అది కొత్తగా పెడుతున్న చిన్నపిల్లల బడి. లోపల రంగుల వాసన. గోడ పొడవునా రైలు బొమ్మ వేశారు, ఒక్కో పెట్టె కిటికీలో ఒక జంతువు మొహం. బడి పెడుతున్న మేడం బయటికొచ్చి, ఎవరు కావాలమ్మా అంది.

బడి పేరు చూశాను. డి ఉంది, కే ఉంది, ఎల్ రెండుసార్లు ఉంది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఆపుకోవడానికే అనుకుంటాను, గోడకేసి చెయ్యి చూపించి గబగబా చెప్పేశాను. పేరు నేయలేము మేడం, కానీ ట్రెయిన్ అని నేస్తాం. అక్షరాలు అంచు వెంట ఒకదాని వెనుక ఒకటి రైలుపెట్టెల్లా పోతాయి. ప్రతి పిల్లకూ ఒక చేతితువ్వాల. బజార్లో దొరకదు.

ఆమె గోడ వైపు చూసింది, నా చెప్పుల వైపు చూసింది.

"ఆదివారం పది గంటలకు పూజ. నలభైమంది పిల్లలు. అప్పటికి ఇస్తవా?"

"ఇస్తం మేడం."

బస్సులోంచి ఫోన్ చేస్తే పెద్దబాపు రెండుసార్లు అడిగాడు, నిజంగనా అని. తర్వాత "ఇంజన్ ఏదే?" అన్నాడు. టీ అని చెప్పాను. తువ్వాళ్ళు ఇచ్చి పైసలు చేతికొచ్చినంకనే సేటుకు చెప్త అన్నాడు. ఇంటికి వెళ్ళేసరికి చీర తీసేసి, సాంచెకు నూనె పోసి, టీ కట్టను తొడ మీద పెట్టుకుని దులుపుతున్నాడు.

శుక్రవారమంతా దండ కుట్టాం. అట్ట పక్కన అట్ట పెట్టి, దారం ఎలా పోవాలో, ముడి ఎక్కడ పడాలో నేర్పించాడు. ఏ అట్ట ముందో ఏది వెనుకో అంచు మీద పెన్సిల్ గీతలున్నాయి, ఆ గీతల్ని వేలితో తడిమి చెప్పేవాడు. పెద్దవ్వ నీలం దారం కండెలు చుట్టింది. సాయంత్రానికి మొదటి జానెడు బట్ట దిగింది. చీకటి పడుతుండగా కరెంటు పోయింది, నేను సరిగ్గా చూడలేదు. పడుగు, అంటే బీముకు చుట్టిన నిలువు దారం, నలభై తువ్వాళ్ళకు పోను మూరెడే ఎక్కువుందనీ, ఒక్కటి చెడినా మళ్ళీ చుట్టాలంటే మూడు రోజులనీ పెద్దబాపు చెప్పాడు. నీలం దారం తగ్గేట్టుందని పొద్దున్నే తేవాలన్నాడు.

శనివారం పొద్దున ఆయన మొదటి బస్సుకు వెళ్ళిపోయాడు. పెద్దవ్వ బట్టల మూట తీసుకుని ఊరి బయటి బావికి వెళ్ళింది, మధ్యాహ్నానికి గానీ రాదు. మేడంకు ఫొటో పంపిద్దామని నేను సాంచె మీదికి వంగాను.

అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ఆర్ కాలు అటు పెట్టాల్సింది ఇటు పెట్టింది. ఎన్ గీత అడ్డంగా తప్పుదిక్కున వాలింది. ట్రెయిన్ వెనక్కి పోతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దబాపుకు ఫోన్ చేశాను. ఆయన ఫోను నా వెనుకే గూట్లో మోగింది, ఛార్జింగ్‌కు పెట్టి మరిచిపోయాడు. టైము చూస్తే ఎనిమిది. ఆయన వచ్చేసరికి పన్నెండవుతుంది. అప్పుడు విప్పి కుట్టడం మొదలుపెడితే నేయడానికి పొద్దుండదు. ముసలాయన, చూపు లేదు, ఇంగ్లీషు రాదు. వెనకాముందుగా కుట్టాడు. నాకు అలాగే అనిపించింది, వేరే ఏదీ తోచలేదు.

కత్తెర తీసుకుని దండ కుట్లు కోశాను. చివరి అట్ట మొదటికీ, మొదటిది చివరికీ వచ్చేలా అయిదు అక్షరాల అట్టలనూ ఒక్కొక్కటే వెనుక నుంచి ముందుకు పేర్చి, ఆయన నేర్పినట్టే మళ్ళీ కుట్టాను. వేళ్ళకు దారం కోసుకుంది. మూడున్నర గంటలు పట్టింది. దండ ఎక్కించి చేత్తో సాంచె తిప్పి నాలుగు వేళ్ళ మందం నేసి చూశాను. ఎన్ చక్కగా నిలబడింది. మొదటి జానెడు బట్టనూ కింది రోలుకు చుట్టేసి కనపడకుండా దాచేశాను. పెద్దబాపుకు చెప్పకూడదనుకున్నాను. తాను అక్షరం తప్పు కుట్టానని తెలిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడు. ఆ వయసులో అది వద్దనుకున్నాను.

ఆయన చెమటలు కారుతూ వచ్చాడు, నీళ్ళు కూడా తాగకుండా సాంచె ఆడించాడు. ఆ చప్పుడు మొదలవగానే పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. ఒక్కసారి మాత్రం బట్ట మీదికి వంగి, కళ్ళు నులుముకుని, మళ్ళీ వంగాడు.

"ఏంది పెద్దబాపు?"

"ఏం లే. కండ్లు."

నేను పక్కనే స్టూలు మీద కూర్చుని అక్షరాలు చదువుతూనే ఉన్నాను. టీ, ఆర్, ఏ, ఐ, ఎన్. నలభైసార్లు చదివాను. ప్రతిసారీ సరిగ్గా ఉంది. దీపాలు పెట్టే వేళకు పడుగు అయిపోయింది. బట్ట కోసి తీసి పెద్దవ్వ ముందు పడేశాం. ఆమె మొదటి తువ్వాల కత్తిరించి, మడత పెట్టబోతూ తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"అవునయ్యా, గిదేంది? మంచి మొఖాన గీ బొమ్మలు ఉల్టా దిగినయ్."

పెద్దబాపు తువ్వాల అందుకుని, ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. వెంటనే నా వైపు చూడలేదు, దండ వైపు చూశాడు. లేచి వెళ్ళి ముడులు తడిమాడు.

"ఇవి నా ముడులు గావు."

చెప్పాను. పొద్దున ఉల్టా ఉన్నాయని, తిప్పి కుట్టానని.

"ఉల్టనే ఉంటయి బిడ్డా," అన్నాడు. గొంతు పెంచలేదు. "మనం బట్ట బోర్లేసి నేస్తం. మంచి మొఖం కిందికుంటది. పైన మనకు అవుపడేది ఈపు. ఈపు మీద ఉల్టా ఉంటెనే కింద సక్కగ దిగుతది."

"ముందే చెప్పలే నాకు."

"ఇండ్ల చెప్పేదేమున్నది? సాంచె మీద కూసున్నోళ్ళకు ఎర్కనే." ముడుల మీంచి చెయ్యి తీసి అన్నాడు, "నాకూ తేడా కొట్టింది. నా కండ్లు పూరాగ పోయినయనుకున్న."

వెనుకవైపు చూస్తే ట్రెయిన్ అని సరిగ్గానే ఉంది, కానీ అటువైపు నీలం దారాలు అక్షరం నుంచి అక్షరానికి వదులుగా వేలాడుతున్నాయి. ముందువైపు నున్నగా, తిరగబడి. రెండిట్లో ఏదీ ఇచ్చేది కాదు. పడుగు లేదు. రాత్రంతా కూర్చున్నా అయ్యేది కాదు. నా ఫోను గోడకేసి కొట్టాను, అది పగల్లేదు. పెద్దవ్వ తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఊకో బాయీ," అంది.

అయినా ఆదివారం పొద్దున నలభై తువ్వాళ్ళూ సంచిలో వేసుకుని బయల్దేరాను. "సేటును మధ్యాహ్నం దాకా ఆపు పెద్దబాపు, నేను మాట్లాడి వస్త," అన్నాను. సూద్దాం అన్నాడు. ఆయన రాత్రి పడుకోలేదని కళ్ళు చూస్తే తెలుస్తోంది.

బడి ముందు షామియానా. మేడం పట్టుచీరలో హడావిడిగా ఉంది. జరిగింది దాచకుండా చెప్పాను, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి. ఆమె తువ్వాల తీసుకుని రెండువైపులా చూసింది. వదులు దారంలో ఆమె ఉంగరం తట్టుకుంది.

"పిల్లల గోళ్ళకు తట్టుకుంటదమ్మ. వద్దు."

నేను సంచి మూతి కట్టుకుంటున్నాను. అప్పుడు అంది, "ఇయ్యాల కాకపోతే ఏమాయె. పిల్లలు రోజూ వస్తరు గదా. వచ్చే వారం మంచియి నేసి తే. తీసుకుంట."

గేటు దాటకముందే పెద్దబాపుకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఆటోలో చేశాను. బస్టాండులో చేశాను. బస్సులో కూర్చుని మళ్ళీ మళ్ళీ చేశాను. పక్కనున్నామె, "ఎవరికన్న పానం బాగలేదా?" అని అడిగింది. చొప్పదండిలో బస్సు ఆగి, డ్రైవర్ చాయ్‌కి దిగితే నేను తలుపు దగ్గర నిలబడి అరిచాను. ఆయన గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చి బండి తీశాడు. ఊరొచ్చే దాకా ఫోను చెవి దగ్గరే ఉంది.

వీధి మొదట్లోనే చప్పుడు వినపడింది. సాంచె చప్పుడు కాదు, ఇనుము కోసే చప్పుడు. అందుకే ఫోను వినపడలేదు. సాంచె పక్క పలకలు రెండూ కోసేశారు, జాకార్డ్ బండిలో ఉంది. సేటు మనుషులు తొమ్మిదికే వచ్చారట. కట్టర్ ఒక్కపూటకే కిరాయికి తెచ్చామన్నారట, ఆపమని పెద్దబాపు నోట రాలేదట.

ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఏడు కట్టలు.

"ఏమన్నది మేడం?"

కోసిన పలక అంచు ఇంకా ఎర్రగా ఉంది. దాన్ని చూస్తూ అన్నాను, "వద్దన్నది పెద్దబాపు."

"అనదా మరి," అన్నాడు. ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి. అది బాధో, ఊరటో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడే నా చేతిలో ఫోను వెలిగింది. ఏ రోజుకు ఇస్తారని మేడం మెసేజ్. ఫోను బోర్లా పెట్టాను.

మొన్న ఆయన పనిచేసే అపార్ట్‌మెంటుకు వెళ్ళాను. గేటు పక్కన కుర్చీ, చిన్న బల్ల, దాని మీద రిజిస్టర్. వచ్చిన బండ్ల నంబర్లు రాయాలి. అంకెలు వచ్చు, అక్షరాలు చూసి దించుతాడు. కొన్నింటికి చూడాల్సిన పనిలేదట, చేతికి వచ్చేసినవి ఉన్నాయట. పేజీ తిప్పి చూపించాడు. టీ బాగుంది. ఆర్ కాలు తప్పువైపు పెట్టి ఉంది. ఎన్ గీత తప్పుదిక్కున వాలి ఉంది. యాభై ఏళ్ళు పైనుంచి చూసిన అక్షరాలు.

"ఈడున్న సెక్రటరీ సారు నవ్వుతడే, ఎందుకో," అన్నాడు. "సదువుకున్నదానివి, నువ్వు సూడు. మంచిగ రాస్తున్ననా?"

పెన్ను బల్ల మీదే ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"మంచిగున్నయ్ పెద్దబాపు," అన్నాను.